గంగ నీళ్లను పరీక్షించి, బావుల్లో మందు కలిపిన మనిషి

1896 తొలి నెలల్లో అమెరికన్ రచయిత మార్క్ ట్వైన్ ఉపన్యాసాలిస్తూ మన దేశమంతా తిరిగారు. కాశీలో ఆయన చూసినవి అన్నీ ఇన్నీ కావు. మురుగు కాలువలు నేరుగా గంగలో కలుస్తున్నాయి. ఆ పక్కనే జనం మునుగుతున్నారు, ఆ నీళ్లే దోసిట్లో పట్టి తాగుతున్నారు. తర్వాత ఆగ్రా చేరేసరికి ఆయన చెవిన ఇంకో వార్త పడింది. అక్కడి ప్రభుత్వ శాస్త్రవేత్త ఒకరు కాశీ వెళ్లి, మురుగు కలిసే చోటే నీళ్లు పట్టి పరీక్షించారట. వాటిలో కలరా క్రిములు ఆరు గంటల్లో చచ్చిపోయాయట. శుభ్రంగా కనిపించే బావి నీళ్లలో వేసిన క్రిములు మాత్రం లక్షలకు లక్షలుగా పెరిగాయట. మరుసటి ఏడాది అచ్చయిన ఫాలోయింగ్ ది ఈక్వేటర్ అనే యాత్రా గ్రంథంలో ట్వైన్ ఈ సంగతి మహా ఉత్సాహంగా రాశారు. శాస్త్రవేత్త పేరు మాత్రం హెంకిన్ అని తప్పుగా పడింది.

ఆయన అసలు పేరు ఎర్నెస్ట్ హ్యాన్‌బరీ హ్యాంకిన్. గంగ కాలుష్యం మీద చర్చ నడిచిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఈ పేరు తీస్తారు. గంగ తనను తానే శుద్ధి చేసుకుంటుందని బ్రిటిష్ శాస్త్రవేత్తే నిరూపించాడని, ఇక పరీక్షలు, లెక్కలు దేనికని వాదన. హ్యాంకిన్ ఆ పరిశోధన చేసిన మాట నిజం. కానీ అదే మనిషి అవే సంవత్సరాల్లో ఉత్తర భారతంలోని బావులన్నింటినీ అనుమానించి, వాటిలో ఊదారంగు మందు కలపమని అధికారుల వెంటపడ్డాడన్నది ఆ వాదనలో కనిపించదు. ఆయన ఉద్యోగ జీవితంలో నది ఒక చిన్న అధ్యాయం. ఎక్కువ భాగం బావులదే.

కేంబ్రిడ్జి నుంచి ఆగ్రాకు

హ్యాంకిన్ 1865లో ఇంగ్లండ్‌లోని హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో ఒక క్రైస్తవ మతాధికారి ఇంట పుట్టారు. లండన్‌లో వైద్య విద్య చదివి, కేంబ్రిడ్జిలోని సెయింట్ జాన్స్ కాలేజీలో చేరి, 1890లో అక్కడే ఫెలో అయ్యారు. అది బ్యాక్టీరియా శాస్త్రం ఉరకలేస్తున్న కాలం. బెర్లిన్‌లో రాబర్ట్ కోహ్, పారిస్‌లో లూయీ పాశ్చర్ చెరో శిబిరం నడుపుతున్నారు. ఫ్రాన్స్, జర్మనీల మధ్య రాజకీయ వైరం ప్రయోగశాలల్లోకీ పాకింది. ఆ రెండు చోట్లా పనిచేసిన కొద్దిమందిలో హ్యాంకిన్ ఒకరు. ఆంత్రాక్స్ మీద, రక్తంలో క్రిములను అడ్డుకునే ప్రొటీన్ల మీద ఆయన రాసిన పత్రాలకు అప్పటికే పేరొచ్చింది. యూరప్‌లోనే ఉండిపోతే ప్రొఫెసర్ పదవి దక్కేదేమో.

1892లో ఆయన ఆగ్రా వచ్చారు. అప్పట్లో వాయవ్య రాష్ట్రాలు, అవధ్ అని పిలిచే నేటి ఉత్తరప్రదేశ్‌కు కెమికల్ ఎగ్జామినర్‌గా, బ్యాక్టీరియాలజిస్టుగా నియామకం. ఇండియాలో అలాంటి ఉద్యోగాలు దాదాపు అన్నీ సైనిక హోదా ఉన్న ఇండియన్ మెడికల్ సర్వీస్ డాక్టర్లకే దక్కేవి. హ్యాంకిన్‌కు ఆ హోదా లేదు. ఇరవయ్యేడేళ్ల బయటి మనిషి వచ్చి, మీరు నమ్మేది తప్పని సీనియర్ సర్జన్లకు చెప్పాలి.

ఆ ఏడాది కలరాది. మన తెలంగాణ పల్లెల్లో గత్తర అని, మిగతా చోట్ల మహమ్మారి అని వణికిన జబ్బే. 1892 మార్చిలో హరిద్వార్‌లో మహావారుణి మేళాకు జనం చేరుతుండగా కలరా మొదలైంది. ప్రభుత్వం మేళానే ఆపేసి యాత్రికులను వెనక్కి పంపింది. మతంలో జోక్యమంటూ పత్రికలు దుమ్మెత్తిపోశాయి. అదే ఏడాది ఆగస్టులో జర్మనీలోని హాంబర్గ్‌లో కలరా పుట్టి 8 వేల మందికి పైగా ప్రాణాలు తీసింది. ఎల్బా నది నీళ్లను వడకట్టకుండా పంచిన ఊరు అది. పక్కనే, దాదాపు ఒకే వీధికి అటూ ఇటూగా ఉన్న ఆల్టోనా పట్టణం అదే నది నీళ్లను ఇసుక ఫిల్టర్లలో వడకట్టి ఇచ్చేది. అక్కడ జబ్బు పెద్దగా అంటలేదు. నీళ్లతోనే కలరా వస్తుందనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? అయినా అక్టోబరులో మ్యూనిక్‌కు చెందిన మాక్స్ ఫాన్ పెటెన్‌కోఫర్ అనే వృద్ధ ఆచార్యుడు, క్రిమి ఒక్కటే జబ్బు తేలేదని నిరూపించడానికి కలరా క్రిములున్న ద్రావణం తాగేశారు. ఆయనకు కొద్దిగా విరేచనాలై తగ్గిపోయింది. ఆ గ్లాసు యూరప్‌లో ఎంత గందరగోళం రేపిందో, ఇండియా ప్రభుత్వానికి అంత ఊరటనిచ్చింది.

ఎందుకంటే ఇండియా ప్రభుత్వానికి కలరా నీళ్లలో ఉండకపోవడమే కావాలి. జబ్బు మనిషి నుంచి మనిషికి, ఓడ నుంచి రేవుకు పాకుతుందని ఒప్పుకుంటే సూయజ్ కాలువ దగ్గర బ్రిటిష్ ఓడలను క్వారంటైన్‌లో నిలిపేస్తారు. వ్యాపారం ఆగిపోతుంది. అందుకే శానిటరీ కమిషనర్‌గా చాలా ఏళ్లు పనిచేసిన జె. ఎం. కనింగ్‌హామ్ కలరా అంటువ్యాధి కాదని, గాలి, నేల, రుతువుల దోషమని వాదిస్తూ వచ్చారు. 1883 డిసెంబరులో కోహ్ కలకత్తా వచ్చి, 1884లో బెలియాఘాటా ప్రాంతంలో జనం తాగే చెరువు నీళ్లలోనే కామా ఆకారపు క్రిమిని పట్టుకున్నారు. దాన్ని ఖండించడానికి బ్రిటన్ అదే ఏడాది ఇద్దరు సొంత శాస్త్రవేత్తలను కలకత్తాకు పంపింది. కలకత్తాలోనే పనిచేసే డి. డి. కనింగ్‌హామ్ అనే మరో సర్జన్ ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి కోహ్ మాటను ఒప్పుకోలేదు. హ్యాంకిన్ ఆగ్రాలో దిగిన నాటికి వాతావరణం ఇదీ.

ఎండలో ల్యాబ్

ఆగ్రాలో కెమికల్ ఎగ్జామినర్ అసలు పని నీళ్లు పరీక్షించడం కాదు. పోలీసులు జాడీల్లో పంపే కడుపు, పేగు, కాలేయం ముక్కల్లో విషం వెతకడం. సంఖియా, ఉమ్మెత్త, నల్లమందు. భర్తకు భార్య పెట్టిందా, బాటసారికి దొంగ పెట్టాడా అని కోర్టులో చెప్పాలి. రోజంతా ఇవి చూసుకుని, మిగిలిన వేళల్లో బ్యాక్టీరియా పని.

అప్పటి పద్ధతిలో నీళ్లలో కలరా క్రిమిని పట్టుకోవడం చెప్పినంత తేలిక కాదు. బావి నీటి చుక్కలో వందల రకాల క్రిములుంటాయి. వాటిలో కావాల్సింది ఒకటో రెండో. అందుకని నీటి నమూనాలో పెప్టోన్, ఉప్పు కలిపి శరీర ఉష్ణోగ్రతలో ఉంచేవారు. కలరా క్రిమి గాలి కోసం పైకి వచ్చి, మిగతావాటికంటే తొందరగా పెరిగి నీటి మీద పల్చటి పొర కడుతుంది. ఆ పొర తీసి మైక్రోస్కోపు కింద చూడాలి. ఆ తర్వాత జెలటిన్ పలకల మీద విడివిడిగా పెంచాలి. యాసిడ్ చుక్క వేసి ఎరుపు రంగు వస్తుందో లేదో చూడాలి. ఇందులో ఏ ఒక్కటీ ఒంటరిగా రుజువు కాదు. పైగా బెర్లిన్‌లో పనికొచ్చిన జెలటిన్ 30 డిగ్రీల లోపే కరిగి నీరైపోతుంది. మే నెలలో ఆగ్రా ఎండ 40 దాటుతుంది. యూరప్ ల్యాబ్‌లో క్రిములకు వెచ్చదనం ఇవ్వడం సమస్య. ఇక్కడ చల్లదనం ఇవ్వడం సమస్య.

1893లో పాశ్చర్ సంస్థ నుంచి వాల్డెమార్ హాఫ్కిన్ కలరా టీకా పట్టుకుని ఇండియా వచ్చారు. కలకత్తాలో ఆయనకు పెద్దగా ఆదరణ దొరకలేదు. ఆగ్రాలో హ్యాంకిన్ ల్యాబ్ తలుపులు తెరిచారు. ఏప్రిల్‌లో పెద్ద ఎత్తున టీకాలు మొదలైంది అక్కడే. టీకా చరిత్రల్లో ఇది ఒక వాక్యంగా మిగిలింది గానీ, అప్పటి అధికార వర్గాల్లో హాఫ్కిన్ పక్షాన నిలబడటం చిన్న విషయం కాదు.

బావిలో ఊదా రంగు

హ్యాంకిన్ కలరా చెలరేగిన కంటోన్మెంట్లకు, జైళ్లకు, ఊళ్లకు వెళ్లేవారు. వెళ్లినప్పుడల్లా ముందు చూసేది నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి, ఎవరి చేతుల మీదుగా వస్తున్నాయి అనే. సైనికుల నీళ్లు బావిలో తోడి, భిస్తీ తోలు తిత్తిలో మోసుకొచ్చి, వంటింటి కుండలో పోసేవి. ఆ గొలుసులో ఎక్కడైనా క్రిమి దూరొచ్చు. ఖరీదైన ఫిల్టర్లు పెట్టుకున్న బ్యారక్‌లలోనూ జబ్బు వచ్చేది. వడకట్టిన నీళ్లను మళ్లీ మురికి పాత్రలో పోస్తే ఫిల్టర్ ఏం చేస్తుంది? 1895లో ఆయన కంటోన్మెంట్లలో కలరా, దాన్ని ఎదుర్కోవడం ఎలా అనే అంశం మీద ఒక చిన్న పుస్తకం వేశారు. శాస్త్రవేత్తల కోసం కాదు, రెజిమెంటు అధికారుల కోసం.

ఆయన సూచించిన మందు పొటాషియం పర్మాంగనేట్. ఇప్పటికీ మందుల షాపులో దొరికే, నీళ్లలో వేస్తే గులాబీ, ఊదా మధ్య రంగు వచ్చే పలుకులు. పద్ధతి ఇంకా సులువు. సాయంత్రం జనం నీళ్లు తోడుకోవడం అయిపోయాక, బావి నీళ్లే ఒక బకెట్లో తీసి, పలుకులు కరిగించి, బావిలో పొయ్యాలి. చేదను పైకీ కిందికీ ఆడించి కలపాలి. అరగంట తర్వాత ఒక చేద తోడి చూడాలి. రంగు నిలిచి ఉంటే మోతాదు సరిపోయినట్టు. పోతే ఇంకొంచెం వెయ్యాలి. తెల్లారేసరికి రంగు తేలికైపోతుంది, నీళ్లు వాడుకోవచ్చు.

ఇందులో అందం ఏమిటంటే, మందే పరీక్ష కూడా. పర్మాంగనేట్ నీళ్లలోని కుళ్లిన పదార్థంతో కలిసి ఖర్చవుతుంది. మురికి ఎక్కువుంటే రంగు తొందరగా విరిగిపోతుంది. అంటే మైక్రోస్కోపు లేని ఊళ్లో, చదువు రాని చౌకీదారు కూడా కంటితో చూసి తన బావి ఎంత మురికో చెప్పగలడు. బెర్లిన్‌లో నేర్చుకున్న విద్యను చేద, బకెట్ స్థాయికి దించడం మాటలు కాదు. హ్యాంకిన్ బుర్రలో అన్నింటికంటే గొప్పది ఈ లక్షణమే అనిపిస్తుంది.

అలాగని ఊళ్లన్నీ చేతులు చాచి ఆహ్వానించలేదు. తెల్లదొర మనుషులు సాయంత్రం చీకట్లో వచ్చి బావిలో రంగు పోస్తే ఎవరికైనా అనుమానమే. సర్కారు బావుల్లో విషం కలుపుతోందన్న పుకార్లు ఆ దశకమంతా తిరిగాయి. బావి అంటే కులం కూడా. ఎవరి చెయ్యి, ఎవరి బకెట్, ఎవరి తాడు అన్న ప్రశ్నలు ప్రయోగశాలలో పుట్టవు, గట్టు మీద పుడతాయి. అయినా పద్ధతి నిలిచింది. హ్యాంకిన్ పేరుతోనే అది దేశమంతా పాకి, కలరా వస్తే బావిలో పర్మాంగనేట్ వెయ్యడం దశాబ్దాల పాటు మామూలు పని అయిపోయింది.

అది పూర్తి పరిష్కారమా అంటే కాదు. పర్మాంగనేట్ కలరా క్రిమిని చంపగలదు గానీ టైఫాయిడ్ లాంటి మిగతా జబ్బుల మీద దాని ప్రభావం తక్కువ. నీటి రంగు, రుచి, వాసన మారుస్తుంది. 1903లో విన్సెంట్ నెస్‌ఫీల్డ్ అనే ఇండియన్ మెడికల్ సర్వీస్ అధికారి తాగునీటి శుద్ధికి క్లోరిన్ వాడొచ్చని రాశారు. తర్వాతి కాలంలో బ్లీచింగ్ పౌడర్ వచ్చి పర్మాంగనేట్‌ను పక్కకు నెట్టింది. ఇవాళ వైద్య విద్యార్థులు చదివే పాఠ్యపుస్తకాల్లో అది బావులకు పనికిరాని పాత మందు.

యమున దగ్గర మొదలైన ప్రశ్న

ఇక నది సంగతి. నీళ్లే కలరాకు దారి అన్నవాళ్లను ఇబ్బంది పెట్టే ప్రశ్న ఒకటుంది. శవాలు, మురుగు అన్నీ మోసుకుపోయే గంగా యమునల వెంట, పై ఊళ్లో పుట్టిన కలరా కింది ఊరికి, అక్కడి నుంచి ఇంకా కిందికి వరసగా ఎందుకు దిగడం లేదు? ఎల్బా నది హాంబర్గ్‌ను ముంచితే యమున ఆగ్రాను ఎందుకు ముంచడం లేదు?

హ్యాంకిన్ దీన్ని కొలతలోకి తెచ్చారు. ఆగ్రా ఊరు దాటుతున్న చోట యమున నీళ్లలో ఒక ఘన సెంటీమీటరుకు లక్షకు పైగా క్రిములు లెక్కకొచ్చాయి. 5 కిలోమీటర్లు కిందికి వెళ్తే 90 నుంచి 100. ఇంత తేడా ప్రవాహంలో పలచబడటం వల్లే వచ్చిందంటే నమ్మడం కష్టం. అప్పుడు నది నీళ్లు ల్యాబ్‌కు తెచ్చి, కలరా క్రిములు వేసి చూశారు. కాచని గంగ నీళ్లలో అవి 3 గంటల్లోపే చచ్చిపోయాయి. అవే నీళ్లను కాచి చల్లార్చి వేస్తే చావలేదు. బావి నీళ్లలో హాయిగా పెరిగాయి.

ఇక్కడే ఆయన ఎంత పద్ధతైన మనిషో తెలుస్తుంది. నీళ్లలో ఉన్నదేమిటో తేల్చడానికి, సన్నటి పింగాణీ ఫిల్టరులో వడకట్టి చూశారు. బ్యాక్టీరియా ఆగిపోయింది, నీటి శక్తి పోలేదు. తెరిచిన పాత్రలో కాస్తే శక్తి పోయింది. గాలి చొరకుండా మూసిన గొట్టంలో వేడి చేస్తే నిలిచింది. అంటే వేడికి చచ్చేది కాదు, ఆవిరై ఎగిరిపోయేది. ఏదో తేలికగా ఆవిరయ్యే రసాయనం నదిలో ఉందని ఆయన తేల్చారు. 1896లో ఈ పత్రం ఫ్రెంచిలో, పాశ్చర్ సంస్థ పత్రికలో వచ్చింది. ఆ రసాయనం ఏమిటో ఆయన చెప్పలేదు. తర్వాతెవరూ దాన్ని పట్టుకోలేదు.

పత్రం చెప్పింది ఒక్క క్రిమి గురించి. నమూనాలు కొన్ని చోట్లవి. ఫలితం గాజు గొట్టంలోది. టైఫాయిడ్ గురించో, నులిపురుగుల గురించో, గంగను తాగొచ్చా లేదా అన్నదాని గురించో కాదు. ఇంకో తమాషా కూడా ఉంది. కలరా క్రిమికి సహజమైన ఇల్లు ఇదే గంగ సముద్రంలో కలిసే బెంగాల్ డెల్టా. ఉప్పు, మంచి నీరు కలిసే ఆ కయ్యల్లో, కంటికి ఆనని జీవులను అంటిపెట్టుకుని అది ఏళ్ల తరబడి బతుకుతుందని అమెరికన్ శాస్త్రవేత్త రీటా కాల్‌వెల్ ఎన్నో దశాబ్దాల తర్వాత చూపించారు. ఆగ్రా, కాశీ నమూనాల నుంచి గంగ మొత్తానికి తీర్పు చెప్పేవాళ్లకు ఈ సంగతి కొరుకుడు పడదు.

ప్లేగు, గద్దలు, గీతలు

1896 చివర్లో బొంబాయికి ప్లేగు వచ్చింది. హ్యాంకిన్‌ను అక్కడికి రప్పించారు. ఉప్పు ఎక్కువ కలిపిన అగార్ మీద పెంచితే ప్లేగు క్రిమి ఆకారం విచిత్రంగా ఉబ్బుతుందని, దాంతో గుర్తు పట్టొచ్చని ఆయన మరో సహచరుడితో కలిసి రాశారు. ప్లేగు ఎలా పాకుతుందన్నదాని మీద 1905లో ఇంకో పెద్ద పత్రం వచ్చింది. ఆ తర్వాత మాత్రం ఆయన దృష్టి క్రమంగా వేరే వైపు మళ్లింది.

ఆగ్రా ఆకాశంలో రెక్క ఆడించకుండా గంటల తరబడి తేలే గద్దలు, రాబందులు ఆయన్ను పట్టుకున్నాయి. రోజూ పొద్దున ఏ పక్షి ఎన్ని గంటలకు తేలడం మొదలుపెడుతుందో రాసుకునేవారు. బరువు తక్కువున్న గద్దలు ముందు, బరువైన రాబందులు ఎండ ముదిరాక. ఇదంతా 1913లో యానిమల్ ఫ్లైట్ అనే పుస్తకమైంది. విమానాలు కొత్తగా ఎగురుతున్న కాలం కాబట్టి ఇంజినీర్లు చదివారు. వేడెక్కి పైకి లేచే గాలి ఒక్కటే దీనికి కారణం కాదని, ఇంకేదో తెలియని శక్తి ఉందని ఆయన పట్టుబట్టారు. అది నిలబడలేదు. గంగ విషయంలో జరిగిందే ఇక్కడా జరిగింది: చూపు నికార్సైనది, లెక్క నమ్మదగినది, చివర్లో చెప్పిన కారణం మాత్రం జారిపోయింది.

ఫతేపూర్ సిక్రీలో ఒక పాత స్నానశాల గోడ మీద, రంగు కింద సన్నగా గీసిన గీతలు ఆయన కంటపడ్డాయి. అల్లుకున్న నక్షత్రాల నమూనాలను మొఘల్ కాలపు పనివాళ్లు ఎలా వేశారన్నది ఆ గీతల్లో ఉంది. ముందు ఒకదాన్నొకటి తాకే బహుభుజులు గీసుకుని, వాటి అంచుల మధ్య బిందువుల నుంచి నక్షత్రాలు లాగి, తర్వాత మొదటి గీతలు చెరిపేయడం. 1925లో ఆర్కియాలజికల్ సర్వే ఆ పరిశోధనను ప్రచురించింది. ఇవాళ ఇస్లామిక్ జ్యామితి చదివేవాళ్లు ఇప్పటికీ దీన్నే ఉదహరిస్తారు. వాళ్లలో చాలామందికి ఈ మనిషి బావుల మనిషి అని తెలియకపోవచ్చు.

1920ల నాటికి ఆయన నిపుణుల మీద కూడా విసిగినట్టుంది. నిపుణుడి మానసిక పరిమితుల మీద ఒక పుస్తకమే రాశారు. ఎక్కువ చదివినవాడి కంటే రోజూ పని చేసేవాడి అంతర్దృష్టే చాలాసార్లు సరైన చోటికి తీసుకెళ్తుందని అందులోని వాదన. ముప్పై ఏళ్ల సర్కారు కొలువులో ఎన్ని ఫైళ్ల మీద ఎంతమంది సర్జన్లతో పోట్లాడితే ఈ పుస్తకం పుట్టిందో ఊహించుకోవచ్చు. ఇంగ్లండ్ వెళ్లిపోయాక కూడా రాస్తూనే ఉన్నారు. 1939లో, 74 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

తర్వాత దక్కిన కీర్తి

హ్యాంకిన్ బతికుండగానే ఆయన గంగ పత్రానికి రెండో జన్మ వచ్చింది. 1917లో ఫెలిక్స్ దెరెల్ అనే శాస్త్రవేత్త పారిస్‌లో బ్యాక్టీరియాను తినేసే వైరస్‌లను కనిపెట్టి బ్యాక్టీరియోఫేజ్ అని పేరు పెట్టారు. అంతకు రెండేళ్ల ముందు ఇంగ్లండ్‌లో ఫ్రెడరిక్ ట్వార్ట్ ఇలాంటిదే చూశారు. ఫిల్టరులో ఆగకుండా జారిపోయి, క్రిములను చంపేదంటే ఆగ్రాలో హ్యాంకిన్ చూసింది కూడా ఇదే అయ్యుండాలని దెరెల్ రాశారు. అప్పటి నుంచి ఫేజ్ చరిత్ర రాసే ప్రతి ఒక్కరూ 1896 హ్యాంకిన్ అని మొదలుపెట్టడం అలవాటైంది. 1927లో దెరెల్ స్వయంగా ఇండియా వచ్చి పంజాబ్ పల్లెల్లో కలరా మీద ఫేజ్‌లు ప్రయోగించారు. ఎక్కడ? నదిలో కాదు, బావుల్లో.

ఈ ముడి అంత గట్టిది కాదు. 2011లో కొందరు ఫేజ్ పరిశోధకులు హ్యాంకిన్ ఫ్రెంచి పత్రాన్ని మళ్లీ వాక్యం వాక్యం చదివారు. ఫేజ్ అయితే మూసిన గొట్టంలో వేడి చేసినా చచ్చిపోవాలి కదా. ఆయన నీళ్లలో శక్తి అలా పోలేదు, మూత తీస్తేనే పోయింది. ఆవిరయ్యేది వైరస్ కాదు. కాబట్టి 1896 పత్రాన్ని ఫేజ్ ఆవిష్కరణగా చెప్పకూడదని వాళ్లు తేల్చారు. గంగలో ఫేజ్‌లు లేవని దీనర్థం కాదు, ఉన్నాయి. బ్యాక్టీరియా ఎక్కువున్న ప్రతి నీటిలోనూ ఉంటాయి, మురుగు కాలువలో మరీ ఎక్కువ. కానీ ఈ దిద్దుబాటు మన వాట్సాప్ సందేశాల్లోకి ఇంకా రాలేదు.

హ్యాంకిన్ కాలంలో లేని ప్రశ్నలు ఇప్పుడున్నాయి. ఆయన ల్యాబ్‌లో సంఖియా అంటే హత్య కేసు. అదే సంఖియాలోని ఆర్సెనిక్ ఇవాళ బీహార్, పశ్చిమ బెంగాల్, బంగ్లాదేశ్ చేతిపంపుల్లో భూమిలోంచే వస్తోంది. కలరా, విరేచనాల నుంచి కాపాడటానికి చెరువులు మాన్పించి వేయించిన పంపులవి. 1992లో బ్రిటిష్ జియోలాజికల్ సర్వే బంగ్లాదేశ్‌లో గొట్టపు బావుల నీళ్లు పరీక్షించింది. ఎన్నో మూలకాలు వెతికింది, ఆర్సెనిక్ వెతకలేదు. బాధితులు లండన్ దాకా వెళ్లి దావా వేశారు. 2006లో హౌస్ ఆఫ్ లార్డ్స్ ఆ దావాను కొట్టేసింది.

2025 ఫిబ్రవరిలో ప్రయాగ్‌రాజ్ మహాకుంభమేళా జరుగుతుండగా, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు ఒక నివేదిక ఇచ్చింది. చాలా చోట్ల మల సంబంధ కోలిఫాం బ్యాక్టీరియా స్నానానికి పెట్టిన పరిమితిని, అంటే 100 మిల్లీలీటర్లకు 2,500ను దాటిందని చెప్పింది. సంగమం నీళ్లు ఆచమనానికి కూడా యోగ్యమేనని ఉత్తరప్రదేశ్ ముఖ్యమంత్రి శాసనసభలో బదులిచ్చారు. టీవీ చర్చల్లో, పోస్టుల్లో గంగ స్వయంశుద్ధి కథ మళ్లీ తిరిగింది. నెలాఖరుకు అదే మండలి మరో నివేదిక ఇచ్చింది. ఒక్కో చోట, ఒక్కో రోజు అంకెలు బాగా మారుతున్నాయని, గణాంక పద్ధతిలో మధ్య విలువలు తీసి చూస్తే నీళ్లు స్నానానికి తగినవేనని అందులో ఉంది. రెండు నివేదికలూ కొలిచింది స్నానానికి పెట్టిన ప్రమాణాల ప్రకారమే. తాగే నీళ్లకు భారతీయ ప్రమాణం వేరు: 100 మిల్లీలీటర్ల నమూనాలో ఇ.కోలి ఒక్కటి కూడా కనిపించకూడదు.